పాత పుస్తకానికి కుట్టూ జిగురూ: మీ ఉత్తరాలు, నా జవాబులు

సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొని తెచ్చుకుని, ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎట్లా అని చాలామంది రాశారు. వాటిలో ఏడు ఉత్తరాలకి ఈసారి జవాబులు. కొత్త పాఠకుల కోసం నా గురించి రెండు ముక్కలు. మా ఇంటాయన కావలిలో చిన్న ట్రెడిల్ అచ్చు ప్రెస్సు నడిపేవారు. అచ్చు ఆయనది, కుట్టు నాది. పెళ్లి పత్రికలు, రసీదు పుస్తకాలు, భజన పాటల చిన్న పుస్తకాలు, స్కూళ్లకి రిజిస్టర్లు. ఆఫ్‌సెట్ అచ్చు మిషన్లు వచ్చాక ప్రెస్సు మూతబడింది గానీ నా దబ్బనం మూలకి పోలేదు. నా చదువు పదో తరగతి దాకానే. చేత్తో చేసి చూసిందే చెబుతాను, చెడగొట్టినవి కూడా దాచను.

గ్రూప్స్‌కి చదువుకుంటున్న ఒక అబ్బాయి, ఒంగోలు: అమ్మా, 900 పేజీల జనరల్ స్టడీస్ పుస్తకం సగం ధరకి కొన్నాను. తెరిచిన ప్రతిసారీ నాలుగు కాగితాలు చేతికొస్తున్నాయి. ఫెవిక్విక్ వేస్తే ఇంకా పాడైంది. బైండింగ్ షాపులో పక్కన కుట్టేస్తామంటున్నారు. కుట్టించమంటారా?

కుట్టించబాక నాయనా. కుట్టిస్తే కాగితాలు ఊడవు, నిజమే. కానీ పుస్తకం తెరుచుకోదు. పక్కకుట్టు వెన్ను నుంచి కనీసం అర సెంటీమీటరు లోపలికి పడుతుంది. 900 పేజీలంటే 450 కాగితాలు. అంత మందాన్ని పొడిచి కుడితే లోపలి మార్జిను మొత్తం కుట్టు కిందికి పోతుంది. ఆ తర్వాత రెండు చేతులా విరగదీసి పట్టుకుంటే తప్ప అక్షరాలు కనపడవు. పరీక్షకి చదివే పుస్తకం బల్లమీద దానంతటది తెరుచుకుని పడుకోవాలి, నీ చెయ్యి నోట్సు రాసుకుంటూ ఉండాలి.

ముందు నీ పుస్తకం ఏ జాతిదో చూడు. వెన్నుని పై అంచు నుంచి గమనించు. కాగితాలు చిన్న చిన్న కట్టలుగా మడిచి, ఆ మడతలు వరసగా కనిపిస్తే అది కుట్టిన పుస్తకం. ఒక్కో కట్టని మేము ఫారం అంటాం, మామూలుగా 16 పేజీలు ఉంటుంది. మడతలేమీ లేకుండా నున్నటి జిగురు గడ్డ కనిపిస్తే అది అంటించిన పుస్తకం. ఇప్పటి గైడ్లలో ఎక్కువ ఈ జాతే. మడతలు కోసేసి, వేడి జిగురు పూసి, అట్ట తగిలించేస్తారు. కొన్నేళ్లకి ఆ జిగురు ఎండి పెళుసెక్కుతుంది. ఇక నీ ఫెవిక్విక్ సంగతంటావా, అది ఎండితే గాజు లాగా అవుతుంది, వంగదు. అందుకే అది వేసిన చోటే మళ్లీ పగిలింది.

ఇట్లా చెయ్యి. అట్టని నిదానంగా ఊడదీసి పక్కన పెట్టు, మళ్లీ పనికొస్తుంది. వెన్ను మీది పాత జిగురుని పెళ్లలు పెళ్లలుగా గీకెయ్యి. పోనిచోట ఉప్పుకాగితంతో రుద్దు. పేజీల నంబర్లు వరసలో ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకో. నేనొకసారి చూసుకోక 112 తర్వాత 97 పెట్టి అంటించేశాను, ఆ పుస్తకం యజమాని ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నవ్వుతాడు. తర్వాత కాగితాలన్నిటినీ వెన్ను వైపు బల్లమీద తట్టి సమం చెయ్యి. రెండు చెక్కల మధ్య పెట్టి, వెన్ను రెండంగుళాలు బయటికి ఉండేటట్టు గట్టిగా బిగించు. వడ్రంగి క్లాంపు లేకపోతే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించినా సరిపోతుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. బయటికున్న ఆ వెన్నుని ఒక పక్కకి వంచితే, పేకముక్కలు విసనకర్రలా విప్పినట్టు ప్రతి కాగితం అంచూ ఒక్క పిసరు బయటపడుతుంది. ఆ అంచుల మీద తెల్ల ఫెవికాల్ పల్చగా బ్రష్షుతో పుయ్యి. వెంటనే రెండో పక్కకి వంచి మళ్లీ పుయ్యి. అప్పుడు జిగురు అంచుకి మాత్రమే అంటకుండా, కాగితానికీ కాగితానికీ మధ్య వెంట్రుక వాసి లోపలికి దిగుతుంది. పుస్తకాన్ని పట్టి ఉంచేది ఆ వెంట్రుక వాసే. తర్వాత వెన్నుని నిటారుగా చేసి, మందుల షాపులో దొరికే కట్టు గుడ్డని వెన్ను కన్నా రెండు పక్కలా ఒక్కో అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించి వెన్ను మీద పరిచి, దాని మీద ఇంకో పూత వెయ్యి. పైన బరువు పెట్టి ఒక రాత్రి వదిలెయ్యి. తెల్లారాక అట్ట తగిలించు.

ఇంకో మాట. 450 కాగితాల్ని ఒక్కసారిగా విసనకర్రలా విప్పడం నా వల్లే కాదు. అట్ట ఎట్లాగూ ఊడింది కాబట్టి పుస్తకాన్ని మూడు ముక్కలు చెయ్యి. పాలిటీ ఒకటి, చరిత్ర ఒకటి, మిగిలింది ఒకటి. బస్సులో పోయేటప్పుడు ఆ రోజు చదివేదే సంచీలో పడేసుకోవచ్చు. గైడు పుస్తకం గదా, దాన్ని కోస్తే పాపమేమీ రాదు.

రిటైరైన ఉపాధ్యాయుడు, కందుకూరు: మా నాన్నగారు మద్రాసు మూర్ మార్కెట్లో పాత పుస్తకాలుగా కొన్న భారతం సంపుటాలు నా దగ్గరున్నాయి. చిన్నతనంలో చినిగిన చోటల్లా నేనే సెల్లోటేపు అంటించాను. ఇప్పుడు టేపంతా పసుపచ్చగా మారి అక్షరాల్ని కప్పేసింది. తీసే దారి ఉందా అమ్మా?

మాస్టారూ, నమస్కారం. మూర్ మార్కెట్ పేరు చదవగానే మా ఇంటాయన గుర్తొచ్చారు. అచ్చక్షరాలు కొనడానికి మద్రాసు పోయినప్పుడల్లా, సెంట్రల్ స్టేషను పక్కనే గదా, రైలుకింకా టైముంది గదా అని అక్కడ దూరేవారు. ఒకసారి రైలే పోయింది. 1985లో ఆ మార్కెట్ కాలిపోయిందని తెలిసిన రోజు ఆయన సరిగా అన్నం తినలేదు. అక్కడి పుస్తకం మీ ఇంట్లో క్షేమంగా ఉందంటే నాకే సంతోషంగా ఉంది.

ఇక టేపు. అంటించేటప్పుడు నీళ్లలా తేటగా ఉన్న ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగిలి ముదిరి, కాగితం లోపలికి దిగి పసుపు మచ్చ అవుతుంది. మీ టేపు ఇప్పుడు రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉండాలి. ఒకటి, పైనున్న ప్లాస్టిక్ పొర ఎండి, గోరు తగిలిస్తే దానంతటదే లేచిపోతుంది. అట్లాంటిది తీసెయ్యండి. కిందున్న మచ్చ మాత్రం పోదు. పెట్రోలు, కిరసనాయిలు, గోళ్ల రంగు తీసే మందు, నీలగిరి తైలం అని నలుగురూ నాలుగు చెబుతారు. ఏదీ వద్దు. మచ్చ పోయేది దేవుడెరుగు, సిరా కదిలిపోయే ప్రమాదముంది, లేకపోతే నూనె మరక మిగులుతుంది.

రెండోది, టేపు ఇంకా జిగటగానే ఉండటం. అప్పుడు జుట్టు ఆరబెట్టే మిషను తక్కువ వేడిలో పెట్టి, ఒక అడుగు దూరం నుంచి అరనిమిషం వేడి చూపించండి. ఒక మూల పైకి లేపి, నిట్టనిలువుగా గుంజకుండా, టేపుని దాని మీదికే మడిచినట్టు వెనక్కి, కాగితానికి ఆనించి, మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున లాగండి. కాగితం పోగు లేస్తోందనిపిస్తే అక్కడే ఆపి, ఎదుటి మూల నుంచి మొదలుపెట్టండి. మిగిలిన జిగటని మెత్తటి రబ్బరుతో ఒకే దిక్కుగా దొర్లించినట్టు తుడిస్తే ఉండలు కట్టి వస్తుంది. రోజుకి రెండు పుటలు చాలు. మూడో పుటకి విసుగొస్తుంది, విసుగొచ్చిన చేత్తో పుట చినుగుతుంది.

టేపు తీసిన చోట చిరుగు మళ్లీ బయటపడుతుంది గదా, దానికి మాసిక ఎట్లా వెయ్యాలో కింద అల్లూరు చెల్లెలికి రాశాను, చూడండి.

అన్నట్టు, మీ కందుకూరిని నెల్లూరు నుంచి ఊడదీసి 1970లో కొత్త జిల్లాకి అంటించారు, 2022లో అక్కణ్ణించి ఊడదీసి మళ్లీ నెల్లూరుకి అంటించారు. పుస్తకానికి మాత్రం అన్నిసార్లు చెయ్యకండి.

ఒక గృహిణి, అల్లూరు: అక్కా, మైదా ఉడికించి జిగురు చేస్తే రెండో రోజుకే వాసన వస్తోంది. పైగా అంటించిన అట్టల అంచులు బొద్దింకలు కొరికేశాయి. మైలుతుత్తం కలిపితే పురుగు రాదని మా మామగారంటున్నారు. కలపొచ్చా?

మీ మామగారు చెప్పింది మా ప్రెస్సులోనూ జరిగిందే. మా అత్తగారు కట్టెల పొయ్యి మీద పెద్ద సత్తుగిన్నెలో మైదా ఉడికిస్తూ, చివర్లో చిటికెడు మైలుతుత్తం పొడి వేసేది. జిగురు లేత నీలంగా తిరిగేది. నాకు పెళ్లయిన కొత్తలో ఆ రంగు చూసి పాయసంలో ఏదో కలుపుతోందనుకుని హడలిపోయాను. పురుగు రాని మాట నిజమే. కానీ మేము చేసేది రసీదు పుస్తకాలు, అవి మూడేళ్లు బతికితే గొప్ప. మైలుతుత్తం రాగి లవణం. కాలం గడిచేకొద్దీ అది ఉన్న చోట కాగితాన్ని గోధుమ రంగుకి తిప్పి, పెళుసు చేస్తుంది. పదికాలాలు ఉండాలనుకునే పుస్తకంలో దాన్ని పెట్టొద్దు. అది విషం కూడా. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే గిన్నె వైపు కూడా రానివ్వొద్దు.

మైదాలో చిక్కేమిటంటే అందులో గంజి పదార్థంతో పాటు జిగట పదార్థం కూడా ఉంటుంది, చపాతీ పిండిని సాగదీసేది అదే. మాసికకి మనక్కావాల్సింది గంజి ఒక్కటే. గోధుమ పాల హల్వా చేసేటప్పుడు గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండుతాం గదా. ఆ పాలు తేరుకున్నాక పైనీళ్లు వంపేస్తే అడుగున తెల్లగా పేరుకునేది గోధుమ గంజి. పుస్తకానికి అంతకు మించిన జిగురు లేదు. అంత ఓపిక లేకపోతే కిరాణా కొట్లో తెల్ల కార్న్‌ఫ్లోర్ తెచ్చుకోండి. పసుపచ్చటి మొక్కజొన్న పిండి కాదు, సూపు చిక్కబడటానికి వేసే తెల్ల పొడి.

ఒక చెంచా పొడికి అయిదు చెంచాల నీళ్లు. ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఓ పావుగంట నాననిచ్చి, సన్న సెగ మీద పెట్టి తిప్పుతూ ఉండండి. తెల్లగా ఉన్నది గాజుపలక రంగుకి తిరుగుతుంది. అక్కడ ఆపకుండా ఇంకో అయిదు నిమిషాలు తిప్పండి. పచ్చి వాసన పోవాలి. దించి, చల్లారాక పాత పంచె గుడ్డలో వేసి పిండితే ఉండలన్నీ గుడ్డలోనే ఉండిపోతాయి. కాస్త నీళ్లు కలుపుతూ మీగడంత చిక్కగా చేసుకోండి. ఒక్కపూటకి సరిపడా చేసుకోవడం మేలు. మిగిలితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటుంది. వాసన వచ్చిందా, పారబొయ్యండి.

మాసికకి కాగితం ఏది అంటారా? జపాన్ టిష్యూ అని మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన పల్చటి కాగితం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఈకలా తేలిగ్గా ఉంటుంది, నార పొడుగు కాబట్టి గట్టిదనమూ ఉంటుంది. దాన్ని కత్తెరతో కత్తిరించొద్దు. తడి బ్రష్షుతో గీత గీసి, ఆ తడి గీత వెంబడి చేత్తో చించండి. అంచు పీచులు పీచులుగా వస్తుంది, అదే పుటలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచైతే గట్టిగా నిలబడి, పుట సరిగ్గా ఆ గీత మీదే మళ్లీ విరుగుతుంది. చిరుగు రెండంచుల్నీ ఒకదానికొకటి ఆనించి, టిష్యూకి గంజి పూసి, చిరుగు మీద పరిచి, పైనా కిందా నూనెకాగితం (బటర్ పేపరు) పెట్టి, దాని మీద బరువు పెట్టండి. మా ఇంట్లో ఆ బరువు సన్నికల్లు. మిక్సీ వచ్చాక దానికి ఇంకో పని లేదు, పాపం. తడి ఎంత తక్కువైతే అంత మంచిది. గంజి ఎక్కువైతే పుట ముడతలు పడుతుంది.

ఫెవికాల్‌తో అంటిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది గదా అని మీరు అడగొచ్చు. ఉంటుంది, అదే దాని తప్పు. మా అత్తగారు చీరలకి మాసికలు వేస్తూ అనేది: "మాసిక చినగాల గానీ చీర చినగబళ్లా." కొత్త గుడ్డ ముక్కతో బిర్రుగా మాసిక వేస్తే, నాలుగు ఉతుకులకి ఆ మాసిక చుట్టూ ఉన్న పాత చీర చిరిగిపోతుంది. పుటా అంతే. గంజితో వేసిన మాసిక మీద తడి దూదితో ఒత్తితే పది నిమిషాల్లో లేచి వస్తుంది. రేపు మీకన్నా పనితనం ఉన్నవాళ్లెవరైనా దాన్ని తీసి మళ్లీ చక్కగా వెయ్యొచ్చు. ఒంగోలు అబ్బాయి గైడుకి ఫెవికాల్ చెప్పి మీకెందుకు వద్దంటున్నానంటే, వాడి పుస్తకం ఉద్యోగం వచ్చేదాకా ఉంటే చాలు.

బొద్దింకలు, వెండి రంగులో జారిపోయే ఆ చిన్న పురుగులు, వీటన్నిటికీ గంజి అంటే ఇష్టమే. జిగురు పల్చగా పూసి, పూర్తిగా ఆరాకే బీరువాలో పెట్టండి. బీరువాని గోడకి ఆనించొద్దు, ఓ జానెడు దూరం జరపండి. రెండు నెలలకోసారి పుస్తకాలు తీసి దులపండి. ఎండిన వేపాకు పెట్టినా తప్పులేదు, పచ్చిది మాత్రం పెట్టొద్దు, తడి చేరుతుంది. అన్నిటికన్నా పెద్ద మందు చదవడమే. రోజూ చెయ్యి పడే పుస్తకంలో పురుగు కాపురం పెట్టదు.

ఒక కుటుంబం, కోవూరు: 2021 నవంబరు వరదలో మా ఇంట్లోకి నీళ్లొచ్చి పుస్తకాలు తడిశాయి. ఎండలో పెడితే అట్టలు వంకర్లు పోయాయి, కొన్ని పుటలు అట్టకట్టుకుపోయాయి. ఇప్పటికీ ముక్కిపోయిన వాసన. వీటికేమైనా చెయ్యొచ్చా? మళ్లీ అట్లాంటిది వస్తే ఏం చెయ్యాలి?

పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసేసిన వరద అది, పుస్తకాలు ఒక లెక్కా. ముందు రెండో ప్రశ్న. తడిసిన పుస్తకానికి రెండు రోజులే గడువు. అది దాటితే బూజు మొదలవుతుంది. ఎండ వద్దు, ఫ్యాను గాలి కావాలి. కారుతున్న పుస్తకాన్ని తెరవకుండా నిలబెట్టి ముందు నీళ్లు ఓడనివ్వండి. తర్వాత ఇరవై ముప్ఫై పుటలకొకటి చొప్పున అచ్చులేని తెల్లకాగితం, లేదా పాత నూలుగుడ్డ ముక్క పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చండి. న్యూస్ పేపరైతే దాని సిరా పుటకి అంటొచ్చు. నున్నగా మెరిసే బొమ్మల కాగితం ఉన్న పుస్తకాలని అన్నిటికన్నా ముందు అందుకోండి. అవి ఒకసారి అతుక్కుని ఆరితే ఇటుకే, ఇక విడదీయలేం. మీవి అట్టకట్టుకుపోయినవి ఆ జాతివే అయితే వదిలెయ్యండి. పుస్తకాలు మరీ ఎక్కువుంటే, ఒక్కోదాన్ని ప్లాస్టిక్ సంచీలో పెట్టి ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టించండి. అప్పటికి బూజు ఆగుతుంది, తీరిక చూసుకుని ఒక్కోటి బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చు.

ఇక వాసన. బూజు పొడిగా ఉంటేనే, అదీ ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులపండి. తర్వాత మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో అడుగున గిన్నెడు తినే సోడా పెట్టి, దానికి తగలకుండా పుస్తకాలు నిలబెట్టి, మూతపెట్టి రెండు వారాలు ఉంచండి. వాసన మొత్తం పోతుందని చెప్పను. తలనొప్పి రాకుండా చదువుకునేటంత తగ్గుతుంది.

మెకానిక్ పనిచేసే ఒక కుర్రాడు, కొత్తపట్నం: పాత పిల్లల పుస్తకాలకి పిన్నులు తుప్పుపట్టి కాగితం తినేశాయి. వాటి బదులు వలకి వాడే నైలాన్ దారంతో కుట్టొచ్చా? అది తెగదు గదా.

అది తెగదు, కాగితం తెగుతుంది. నైలాన్ నున్నగా, సన్నగా ఉండి, తెరిచి మూసిన ప్రతిసారీ రంపంలా కోస్తుంది. మంచి నూలుదారం తీసుకుని, కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగు. మైనం పట్టి దారం చిక్కుపడదు, ముడి జారదు. పిన్నుల్ని గుంజకుండా, వెనక వైపు కాళ్లు పైకి లేపి నిటారు చేసి బయటికి తియ్యి. మడత మధ్యలో మూడు రంధ్రాలు చేసి, నడి రంధ్రంలోంచి మొదలుపెట్టి, పై రంధ్రానికి పోయి, అక్కణ్ణించి కింది రంధ్రానికి వచ్చి, మళ్లీ నడి రంధ్రంలోంచి వచ్చి ముడి వెయ్యి. సముద్రం ఒడ్డున ఉన్నావు, కొత్త పిన్నులు కొట్టినా నాలుగు వానాకాలాలు దాటవు. మడత దగ్గర కాగితం తుప్పుకి పోయి ఉంటే, ముందు అక్కడ టిష్యూ మాసిక వేసి ఆరాక కుట్టు.

కాలేజీ అమ్మాయి, దర్శి: పాత పేపర్ల కొట్లో దొరికిన పుస్తకం. పుట మూల మడిస్తే అప్పడంలా విరిగిపోతోంది. బాగుచెయ్యడం ఎట్లా?

తల్లీ, దాన్ని ఇంట్లో బాగుచెయ్యలేవు. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం అది. అందులోని ఆమ్లమే దాన్ని లోపల్నుంచి కాల్చుకుంటూ వచ్చింది. కుట్టు వేస్తే కుట్టు దగ్గర విరుగుతుంది, జిగురు పూస్తే జిగురు అంచున విరుగుతుంది. అట్ట పెట్టెలో పడుకోబెట్టి ఉంచు. చదవాలంటే ఫోనుతో ప్రతి పుటా ఫొటో తీసుకుని ఫొటోల్లో చదువు. అదే పుస్తకం వేరే చోట గట్టిగా ఉందేమో కూడా వాకబు చెయ్యి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉన్న గ్రంథాలయం, 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోదే. పాత పుస్తకాలూ పత్రికలూ అక్కడ చాలా ఉన్నాయి. ఒకసారి వెళ్లి అడుగు. పుస్తకం దొరక్కపోయినా ఆ బీరువాల మధ్య నిలబడితే నీకు నచ్చుతుంది.

బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు: పాత పుస్తకాలు బైండు చేయిస్తున్నాను. షాపతను మూడు వైపులా కటింగ్ మిషన్‌లో కొట్టిస్తే కొత్తదానిలా ఉంటుందంటున్నాడు. అంచులు మాసిపోయి, చెవులు మడిచి ఉన్నాయి. కొట్టించమంటారా? అట్టకి లామినేషన్ కూడా చేయించాలా?

లామినేషన్ వద్దండీ, వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు. విడిగా ప్లాస్టిక్ తొడుగు వేసుకోండి, మాసిపోతే మార్చుకోవచ్చు. చెవులు మడిచినవి విప్పి, పైన తెల్లకాగితం పెట్టి గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే సర్దుకుంటాయి. అంచుల మురికి, పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకుని మెత్తటి ఉప్పుకాగితంతో రెండుసార్లు రాస్తే చాలావరకు పోతుంది. కటింగ్ మాత్రం కొట్టించకండి. ఒకసారి కొడితే మూడు మిల్లీమీటర్లు, పదేళ్లకి మళ్లీ బైండు చేయిస్తే ఇంకో మూడు. మూడోసారికి కత్తి అక్షరాల మీదికే వస్తుంది.

నేనెట్లా నేర్చుకున్నానో కూడా చెబుతాను. కావలిలోనే పాత పేపర్లవాడి దగ్గర కిలో లెక్కన ఒక ఇంటి వైద్యం పుస్తకం కొన్నాను. అట్ట లేదు, మొదటి నాలుగు పుటలూ లేవు, పేరేంటో ఎవరు రాశారో కూడా తెలియదు. దాని పాత యజమానురాలెవరో (ఆడమనిషే అయ్యుండాలి, ఆ చేతిరాత అట్లా ఉంది) పుటల అంచున పెన్సిలుతో రాసుకుంటూ పోయింది. "ఇది చంటోడికి పడలేదు." "రెండు పూటలు చాలు." "మా అమ్మ మిరియాలు వెయ్యదు." అచ్చులో ఉన్న వైద్యం కన్నా అంచున ఉన్నదే ఎక్కువ పనికొచ్చేది. దాన్ని ముచ్చటపడి ఫారాలు విప్పి, ఒక్కో ఫారం మధ్య మడతలో టిష్యూ పట్టీ వేసి, మళ్లీ కుట్టి, వెన్నుకి బైండింగుకి వాడే కాలికో గుడ్డ వేశాను. నాలుగు రోజుల పని. చివర్న అంచులు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంటే కళ్లకి నచ్చక, ఆయన వద్దంటున్నా వినకుండా నేనే మిషన్‌లో పెట్టి చక్రం తిప్పాను. మూడు వైపులా తెల్లగా, కొత్త నోటు కట్టలా వచ్చింది. ఆయనకి చూపిద్దామని తెరిస్తే ప్రతి మాటకీ చివర తెగిపోయి ఉంది. పరుగెత్తుకుంటూ పోయి మిషన్ కింద బుట్టలో ఉన్న కత్తిరింపుల్ని కుమ్మరించి చూశాను. దారప్పోగుల్లా సన్నటి ముక్కలు, వాటి మీద పెన్సిలు చుక్కలు. ఏ ముక్క ఏ పుటదో ఎట్లా తెలుస్తుంది?

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దగ్గు కషాయం ఉన్న పుటలో, అంచున "శొంఠి అర" అని ఉంది. అర చెంచానో, అర తులమో, అర కొమ్మో, ఆ మాట కత్తి కిందికి పోయింది. దగ్గొచ్చినప్పుడల్లా మా కోడలు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, అర ఎంతత్తమ్మా అని అడుగుతుంది.